పెరటి కూరగాయలు – పురుగుల బెడద

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవారు ఒక సామెత చెప్పుదురు. చేరువలోనున్న దాని విలువ మనకు కానరాదని దాని తాత్పర్యము. పెరటిలో కూరగాయలు పండించుకొనువారికి పురుగుల బెడద కలిగినప్పుడు ఈ సామెత నిజమగుటను మేము అనేకుల ఇండ్లలో చూచుచున్నాము. వంకాయలో పుచ్చు కనబడగానే ఇంటి యజమాని సంచి పట్టుకొని మందుల దుకాణమునకు బయలుదేరును. వాకిటిలోని వేపచెట్టు వంక గాని, పొయ్యిలోని బూడిద వంక గాని, తన రెండు చేతుల వంక గాని ఆయన చూడడు. తక్కువ ఖర్చుతో, ఇంటిలోనున్న వస్తువులతోనే పెరటి కూరగాయలను పురుగుల బారినుండి ఎట్లు కాపాడుకొనవచ్చునో ఈ ప్రసంగములో ముచ్చటించుకొందము.

పెరడు అనగా అందరికిని ఒకే తీరున ఉండదు. పల్లెలలో అది రెండు సెంట్ల స్థలము కావచ్చును. బావి ప్రక్కన నాలుగు పాదులు కావచ్చును. పట్టణములలో మిద్దెమీద పది కుండీలు కావచ్చును. ఎక్కడనైనను మనము కూరగాయలు వేసికొనుట రెండు ప్రయోజనముల కొరకు. నెల ఖర్చులో నాలుగు రూపాయలు మిగులవలెనన్నది ఒకటి. ఇంటిల్లిపాదియు తాజా కూర తినవలెనన్నది మరియొకటి. ఈ రెండు ప్రయోజనములకును గండి కొట్టునది పురుగు. కాని పురుగుకంటె ఎక్కువగా గండి కొట్టునది తొందరపడి కొనితెచ్చిన విషపు సీసా అని మా అభిప్రాయము. అందులకు మూడు కారణములు కలవు.

మొదటిది డబ్బు. దుకాణములో దొరకు మందు ఎకరముల లెక్కన వాడుటకు తయారైనది. అందులో మన పెరటికి కావలసినది ఒక చెంచా. ఆ చెంచా కొరకు సీసా మొత్తమునకు వెల ఇచ్చుకొనవలెను. నాలుగు వంగమొక్కలు ఏడాది పొడుగున కాచిన కాయల విలువ ఒక్కొక్కప్పుడు ఆ సీసా వెలకు సరిపోదు.

రెండవది గడువు. ఏ పురుగుమందు చల్లినను కొన్ని దినములవరకు ఆ కాయ కోయరాదను నియమము కలదు. మందునుబట్టి ఆ గడువు మూడు దినములు కావచ్చును, రెండు వారములు కావచ్చును. పెరటిలో ఈ నియమము నిలుచునా? బెండకాయ పూత పూచిన వారము దినములలో కోతకు వచ్చును; దినము విడిచి దినము కోయకున్నచో ముదిరి నారపట్టును. తోటకూరయైనచో పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగానే వెళ్లి కోసికొని వచ్చెదము. నిన్న సాయంకాలము మందు చల్లిన సంగతి ఇంటాయనకు తెలిసియుండును; నేడు మధ్యాహ్నము కోసిన కోడలికి తెలియకపోవచ్చును. పొలములో పాటింపగల గడువు పెరటిలో పాటించుట దాదాపు అసాధ్యము.

మూడవది, చెంచా వాడగా సీసాలో మిగిలిన విషము. అది గూటిలోనో, అటకమీదనో, నూనె డబ్బాల నడుమనో కూర్చుండును. ఇంటిలో విషమును, ఆహారమును ఒకచోట చేర్చుట ఎంతటి కీడు తెచ్చునో మన దేశము రెండుమారులు కన్నీళ్లతో నేర్చుకొన్నది. 1958లో పారథియాన్ అను పురుగుమందు గోధుమపిండిలో కలియుటవలన కేరళలో నూరుమందికి పైగా మరణించిరి. పురుగుమందుల తయారీకిని, అమ్మకమునకును కట్టుదిట్టములు చేయుచు 1968లో చట్టము వచ్చుటకు ఆ దుర్ఘటన ఒక ముఖ్యకారణము. 2013లో బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్నభోజనము చేసిన పిల్లలు 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. ఆ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించియుండెను.

ఒకనాడు నిరపాయమనుకొన్న మందులు తరువాత ఎట్లు తొలగిపోయినవో కూడ గుర్తుంచుకొనవలెను. డి.డి.టి.ని వ్యవసాయమునందు వాడరాదని మన దేశమున 1989లో నిషేధించిరి. బి.హెచ్.సి.కి 1997లో అదే గతి పట్టినది. ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయినది. పొలములో రైతుసోదరుల అవసరములు వేరు. వానిని గురించి మేమిక్కడ చెప్పుట లేదు. పిల్లలు ఆడుకొను, పసివాడు చేతికందిన టమాటాను కోసి నోట పెట్టుకొను పెరటిని గురించి మాత్రమే చెప్పుచున్నాము. ఇప్పటికే మీ ఇంటిలో అట్టి సీసా ఉన్నచో దానిపైనున్న రంగు త్రికోణమును చూడుడు. ఎరుపు అన్నింటికంటె తీవ్రమైన విషమునకు గుర్తు. దాని తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ వచ్చును. ఆకుపచ్చ గుర్తున్నదియు విషమే. దానిని పిల్లలకందని చోట తాళము వేసి ఉంచుడు. ఖాళీ సీసాను ఎన్నడును మరియొక పనికి వాడకుడు.

మరి విషము లేకుండ పురుగును ఎదుర్కొనుట ఎట్లు? అన్నింటికంటె చవకైన మందు మన కన్ను. ఎకరము వంగతోటలో ప్రతి ఆకును తిరగవేసి చూచుట మానవమాత్రునకు సాధ్యము కాదు. పది మొక్కలున్న పెరటిలో అది పది నిమిషముల పని. పొలమునకు లేని ఈ సౌకర్యమే పెరటికి పెట్టని కోట. దినమునకు ఒక పావుగంట, అదియు తెల్లవారిన వెంటనే, మొక్కల నడుమ తిరుగుట అలవాటు చేసికొనవలెను. చల్లని వేళ పురుగులు చురుకుగా కదలలేవు, ఎగురలేవు. చేతికి సులభముగా చిక్కును. ఒక పాత డబ్బాలో సగమువరకు సబ్బునీరు పోసి వెంట తీసికొని వెళ్లిన చాలును. పట్టిన పురుగును అందులో వేసినచో మరల పైకి రాదు.

చూచునప్పుడు ఆకు పైభాగము చూచి ఊరకుండరాదు. గ్రుడ్లు, దోమలు, పేనుబంక మొదలగునవి సాధారణముగా ఆకు అడుగుభాగమున దాగియుండును. చీమల బారు మొక్క పైకి ప్రాకుచున్నచో అది ఒక కబురని గ్రహింపవలెను. పేనుబంక విసర్జించు తియ్యని జిగురు కొరకు చీమలు వెళ్లును. ఆ తీపి కొరకు అవి పేనుబంకను కాపాడి, దానిని తినవచ్చిన పురుగులను తరిమివేయును కూడ. కావున చీమలు పోవు చోటికి మన చూపు పోవలెను.

పెరటి పురుగులను మూడు తెగలుగా గుర్తుంచుకొన్నచో ఏ దెబ్బ ఎక్కడ కొట్టవలెనో సులభముగా తెలియును. ఆకును కొరికి తినునవి ఒక తెగ. రసము పీల్చునవి రెండవ తెగ. కాయలోనికో కొమ్మలోనికో తొలుచుకొని పోవునవి మూడవ తెగ.

మొదట ఆకు తినువానిని చూతము. ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు ఆకులు మాత్రము పచ్చదనము పోయి, ఈనెలు మిగిలి, జల్లెడవలె కనబడును. తిరగవేసి చూచినచో సన్నని పిల్లపురుగులు గుంపుగా ఉండును. ఇది పొగాకు లద్దెపురుగు పని. తల్లి రెక్కపురుగు ఒక్కచోట వందలకొలది గ్రుడ్లు కుప్పగా పెట్టి, వానిపై గోధుమరంగు నూగు కప్పును. గ్రుడ్లు పొదిగిన తొలి దినములలో పిల్లలన్నియు ఒక్క ఆకుమీదనే ఉండును. ఆ ఆకును త్రుంచి సబ్బునీటిలో వేసినచో వందల పురుగుల పీడ ఒక్క నిమిషములో విరగడయగును. వారము దినములు ఆలస్యమైనచో అవి పెరడంతయు చెదరిపోవును. పగలు మట్టిలో దాగి రాత్రివేళ తినును. అప్పుడు వెదకుట కష్టము. పెరటి అంచున రెండు ఆముదపు మొక్కలు పెంచినచో ఈ తల్లిపురుగు వానినే ఎక్కువగా కోరి గ్రుడ్లు పెట్టును. మనము ఆ ఆముదపు ఆకులను చూచి ఏరివేసిన చాలును. చూడక వదలినచో ఆ ఆముదపు మొక్కయే పురుగులకు పుట్టినిల్లగును.

దోస, గుమ్మడి, బీర గింజలు మొలచి రెండాకులు వేయగానే నారింజరంగు పెంకుపురుగులు వచ్చి ఆ లేతాకులను చిల్లులు పొడుచును. మొలక దశ దాటినచో తీగ వానికి తట్టుకొనగలదు. కాబట్టి ఆ పది పదునైదు దినములు మొలకపై పాత దోమతెర ముక్కగాని, వెదురుబుట్టగాని కప్పి ఉంచవలెను. మంచు తడి ఆరకముందు ఆకులపై పలుచగా కట్టెల బూడిద చల్లుట మన పెద్దల వాడుక. బూడిద పట్టిన ఆకును ఆ పురుగు అంతగా ముట్టదు. వాన కురిసినప్పుడు బూడిద కొట్టుకొనిపోవును గనుక మరల చల్లవలెను. బొగ్గు బూడిదగాని, చెత్త కాల్చిన బూడిదగాని పనికిరావు. శుభ్రమైన కట్టెల బూడిదయే వాడవలెను.

ఇక రసము పీల్చు పురుగులు. చిక్కుడు తీగ చిగుళ్లపై నల్లగా మూగు పేనుబంక, బెండ ఆకుల క్రింద తిరుగు పచ్చదోమ, ముట్టుకొనగానే తెల్లని పొడివలె లేచు తెల్లదోమ, మిరపకు వచ్చు తామరపురుగు, నల్లి ఈ తెగలోనివి. మిరప ఆకులు పైకి ముడుచుకొన్నచో తామరపురుగనియు, క్రిందికి ముడుచుకొన్నచో నల్లియనియు గుర్తింపవచ్చును. వీనిని చేతితో ఏరుట సాధ్యము కాదు. కాని వీని శరీరము మెత్తనిది. అదియే మనకు అనుకూలము.

పేనుబంకకు మొదటి చికిత్స నీరు. గొట్టపు నీటిని గాని చెంబునీటిని గాని జోరుగా చిగుళ్లపై కొట్టినచో అధికభాగము రాలిపోవును. రాలినవానిలో చాలవరకు మరల ఎక్కలేవు. దానికి లొంగనిచో సబ్బునీరు వాడవలెను. లీటరు నీటిలో 5 గ్రాముల, అనగా ఇంచుమించు ఒక చెంచా, సబ్బుతురుము కరిగించి సాయంకాలము ఆకుల అడుగున తడియునట్లు చల్లవలెను. సబ్బు మెత్తని పురుగుల ఒంటికి తగిలినప్పుడే పనిచేయును; ఆరిన తరువాత దానికి శక్తి లేదు. కాబట్టి ఆకు పైన చల్లి సంతృప్తి చెందరాదు. పాళ్లు మించినచో ఆకు మాడును. ముందుగా ఒక్క ఆకుపై చల్లి, మరునాడు చూచి, తరువాత మొక్కంతటికి చల్లుట మేలు.

తెల్లదోమ సంగతి కొంత వేరు. అది త్రాగు రసముకంటె మోసికొనివచ్చు రోగము ఎక్కువ చెరుపు చేయును. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారి, కాయలు పాలిపోవు తెగులును మీరు చూచియే యుందురు. ఆ రోగము తగిలిన మొక్కకు మందు లేదు. జాలిపడి ఉంచినచో తెల్లదోమ దానినుండి ప్రక్క మొక్కకు అంటించును. మొదటి మొక్క కనబడిన దినముననే పీకివేయుట మిగిలినవానికి రక్ష. ఈ తెగులుకు తట్టుకొనునట్లు రూపొందించిన అర్క అనామిక, పర్భణి క్రాంతి వంటి రకముల విత్తనము దొరకినచో వేసికొనుట మంచిది. తెల్లదోమకును, రెక్కల పేనుబంకకును పసుపురంగు మీద మోజు ఎక్కువ. పాత డబ్బా మూతకు పసుపురంగు పూసి, దానిపై ఆముదము రాచి, మొక్కల ఎత్తున కర్రకు కట్టినచో అవి వచ్చి అంటుకొనును. వారమునకొకమారు తుడిచి మరల ఆముదము పూయవలెను. దుకాణములో కొను జిగురు అట్టలు చేయు పనియు ఇదియే.

మూడవ తెగ తొలుచు పురుగులు. ఇవి అన్నింటికంటె మొండివి. లోపల చేరిన పురుగును ఏ కషాయమును అంటదు. కావున లోపలికి పోకముందు పట్టవలెను. లేదా పోయినదానిని కొమ్మతో, కాయతో సహా తీసివేయవలెను. వంగమొక్క నీరు పోసినను ఏదో ఒక కొమ్మ చివర వాడి వ్రేలాడుచున్నచో దానిలో పురుగున్నదని అర్థము. వాడినచోటికి రెండంగుళముల క్రిందికి త్రుంచి నాశనము చేయవలెను. పూతకు రాకముందునుండి వారము వారము ఇట్లు చేసినచో, ఆ పురుగులు పెరిగి రెక్కలు వచ్చి కాయలపై గ్రుడ్లు పెట్టునంతవరకు పోవు. పుచ్చుకాయలను కోసి చెట్టుక్రిందనే పారవేయు అలవాటు చాలమందికి ఉన్నది. మన చేతులతో మనమే పురుగును పెంచి పోషించుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

టమాటాకు వచ్చు పచ్చపురుగునకు బంతిపువ్వు ఎర. ఆ రెక్కపురుగు బంతి మొగ్గలను, పూవులను కోరి వానిపై గ్రుడ్లు పెట్టును. టమాటా 16 వరుసలకు బంతి ఒక వరుస వేయవలెనని బెంగుళూరులోని ఉద్యానవన పరిశోధన సంస్థవారి సూచన. టమాటా పూతకు వచ్చునాటికి బంతియు పూయవలెను గనుక 45 దినముల బంతినారును, 25 దినముల టమాటానారును ఒకేసారి నాటుమందురు. మన పెరటికి టమాటా మడి అంచున నాలుగు బంతిమొక్కలు చాలును. బంతిపై పురుగును ఏరుటయు, పూవులను కోసికొని గుమ్మమునకు కట్టుకొనుటయు రెండును మన పనులే.

బీర, కాకర, పొట్ల, దోస పందిళ్లకు పండు ఈగ పెద్ద శత్రువు. ఆడ ఈగ లేతపిందె చర్మమును సూదివంటి అవయవముతో పొడిచి లోపల గ్రుడ్లు పెట్టును. పిందె వంకరపోయి, కుళ్లి రాలిపోవును. లోపలి పురుగు నేలలోనికి దిగి, మట్టిలో గూడు కట్టుకొని, ఈగయై మరల పైకి లేచును. ఈ చక్రమును రెండుచోట్ల త్రెంపవచ్చును. రాలిన పిందెలను ఆ దినమే ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టవలెను, లేదా సబ్బునీటిలో ఒక దినము నాననిచ్చి పారవేయవలెను, ఎరువుగుంటలో వేయరాదు. పాదు చుట్టునుగల మట్టిని అప్పుడప్పుడు పైపైన కదలించినచో గూళ్లు ఎండకును పక్షులకును చిక్కును. రెండవ మార్గము ఈగకు పిందె అందకుండ చేయుట. పూవు వాడి, పిందె నిలిచిన రెండు మూడు దినములకు పాత వార్తాపత్రికతో చేసిన సంచిని గాని, పలుచని గుడ్డసంచిని గాని తొడిగి కాడవద్ద దారముతో వదులుగా కట్టవలెను. ముందే తొడిగినచో తేనెటీగ పూవువద్దకు రాలేదు, పిందె నిలువదు. పందిరికి ఇరువది కాయలున్న ఇంటిలో ఇది చిన్నపిల్లలు సరదాగా చేయు పని.

శత్రువులను గురించి చెప్పితిమి. మిత్రులను గురించి చెప్పకున్నచో అన్యాయమగును. పెరటిలో కనబడు ప్రతి పురుగును చంపుట తెలివి కాదు. అక్షింతల పురుగు అని మనవారు ఒకే పేరుతో పిలుచు పురుగులలో ఒకటి మన బంధువు, మరియొకటి మన పగవాడు. ఎర్రని నున్నని మెరయు వీపుపై ఏడు నల్లచుక్కలున్న పురుగు పేనుబంకను పదులకొలది తినును. మెరుపులేని మట్టిరంగు వీపుపై సన్నని నూగుతో, ఎక్కువ చుక్కలతో ఉండు పురుగు వంగ ఆకులను గీకి తినును. మెరయువానిని వదలుడు, మెరయనివానిని సబ్బునీటిలో వేయుడు. సాలెపురుగు, తూనీగ, అల్లిక రెక్కల పురుగు, కప్ప, తొండ, గోరువంక, ఇవన్నియు కూలి అడుగని మన కావలివారు. పక్షులు వాలుటకు మడి నడుమ ఒక ఎండుకొమ్మ నాటి, మట్టిమూకుడులో నీరు పెట్టిన చాలును. విషము చల్లినప్పుడు ఈ కావలివారు ముందుగా నశించి, పురుగులు వెనుకనుండి రెట్టింపుగా వచ్చుట కలదు.

ఇక వేప. 1959లో సూడాను దేశమున మిడుతల దండు దిగి పచ్చని దానినంతటిని తిని, వేపచెట్లను మాత్రము వదలి పోవుట ష్ముట్టరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ మొదలగువారు వేపపప్పును నీటిలో కలిపి పైరులపై చల్లి, మిడుతలు ఆ పైరును ముట్టకపోవుటను నిరూపించిరి. 1968లో ఇంగ్లండులో వేపగింజనుండి అజాడిరాక్టిన్ అను పదార్థమును వేరుపరచిరి. వేపనూనెతో బూజుతెగుళ్లను అరికట్టు విధానముపై 1994లో ఐరోపాలో ఇచ్చిన పేటెంటును, అది క్రొత్తది కాదని 2000లో రద్దు చేసిరి. 2005లో ఆ తీర్పు స్థిరపడినది. ధాన్యపు గాదెలలో వేపాకు వేయు మన అవ్వలకు ఇందులో ఆశ్చర్యమేమియు లేదు.

కషాయము చేయు విధమును చెప్పెదము. ఎండకాలము చివర, తొలకరినాటికి వేపపండ్లు రాలును. వానిని ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో బాగుగ ఆరబెట్టి, గోనెసంచిలో గాని గాలి తగులు బుట్టలో గాని దాచవలెను. ప్లాస్టిక్ సంచిలో వేసినచో బూజు పట్టును. కావలసినప్పుడు పెంకు తీసి, 50 గ్రాముల పప్పును దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతయు నానబెట్టవలెను. మరునాడు మూటను పిసికి పిండి, ఆ నీటిని వడకట్టి, చిటికెడు సబ్బుతురుము కలిపి, సాయంకాలము ఆకులు రెండువైపుల తడియునట్లు చల్లవలెను. ఎండకు దీని శక్తి తగ్గును, అందుకే సాయంకాలము. నిలువయుంచిన కషాయము పనికిరాదు. ఏనాటిది ఆనాడే వాడవలెను. వారము పది దినములకొకమారు మరల చల్లవలెను.

ఒక ఇల్లాలు మమ్ములను ఇట్లడిగినది: "అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే వేపకషాయం చల్లాను. రెండు రోజులైంది. పురుగు చావలేదు, అక్కడే తిరుగుతోంది. మందు పనిచేయలేదు కదూ?" మేము, "అమ్మా, పురుగును చూడవద్దు, ఆకును చూడు. కొత్త చిల్లులు పడ్డవా?" అంటిమి. ఆమె వెళ్లి చూచి వచ్చి, "లేదండీ, పాత చిల్లులే ఉన్నవి" అన్నది. వేప చేయు పని అదియే. అది చాలవరకు పురుగును వెంటనే చంపదు. దానికి ఆకుపై విసుగు పుట్టించును, తిండి మాన్పించును, కుబుసము విడిచి పెరుగుటను చెడగొట్టును. చప్పున పడిపోవు పురుగును చూచుటకు అలవాటుపడినవారికి ఇది చేతకాని మందుగా కనబడును. మూడు నాలుగు దినములు ఓపిక పట్టినవారికి దాని విలువ తెలియును. అది మొదలగునప్పుడు, పురుగు చిన్నదైనప్పుడు చల్లవలెను. ముదిరిన లద్దెపురుగుపై దానికి అంత బలము లేదు.

ఇంటిమందు అయినంత మాత్రమున అపాయము లేదనుకొనరాదు. పొగాకు కషాయము పూర్వము చాలమంది వాడిరి. పొగాకులోని నికోటిన్ తీవ్రమైన విషము. ఆకుకూరలపై దానిని చల్లుట తగదు. పైగా పొగాకుద్వారా టమాటా, మిరపలకు వైరస్ తెగులు అంటుకొనవచ్చును. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి చల్లువారు కన్నులకు తగులకుండ జాగ్రత్తపడవలెను. ఏది చల్లినను కాయను కడిగియే వండవలెను.

పురుగు వచ్చిన తరువాతి పనులకంటె రాకముందు చేయు పనులకు ఖర్చు ఇంకను తక్కువ. ఎండకాలములో మడిని త్రవ్వి తిరగవేసినచో మట్టిలోని గూళ్లు ఎండకు మాడును. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకటి తీసిన మడిలో మరియొకటి వేసినచో అవే పురుగులు, వేరుముడి నులిపురుగులు వానికొరకు కాచుకొనియుండును. ఆ మడిలో ఈమారు చిక్కుడో, ఆకుకూరయో, బంతియో వేయవలెను. బంతి వేళ్లు ఆ నులిపురుగుల ఉధృతిని తగ్గించును. దొరికినచో ఒక దోసెడు వేపపిండి పాదులో వేయుట మంచిది. యూరియా ఎక్కువ వేసిన మొక్క చూచుటకు పచ్చగా, మెత్తగా ఉండును. పేనుబంకకు అట్టి మొక్కయే విందు. చివికిన పశువుల ఎరువు నెమ్మదిగా బలమిచ్చును. ఒకే కూర పెరడంతయు నింపక, అన్నియు కొద్దికొద్దిగా కలిపి వేసినచో, ఒక పురుగు వచ్చినను వంట ఆగదు. మొక్కల నడుమ గాలి ఆడునంత ఎడము ఉంచుడు. కాపు అయిపోయిన మొక్కను జాలితో నిలుపక వేళ్లతో పీకివేయుడు. కాయని ముసలి వంగమొక్క పురుగులకు సత్రమువంటిది.

ఇప్పుడు ఖర్చు లెక్క చూతము. సబ్బుముక్క, పాత డబ్బా, పాత వార్తాపత్రిక, దోమతెర ముక్క, కొద్దిగా ఆముదము, బంతిగింజలు చారెడు. వేపగింజలు చెట్టుక్రింద ఊరక దొరకును. కొనవలసినదేమైన ఉన్నచో కషాయము చల్లుటకు ఒక చేతిపంపు. అదియు లేనివారు సీసా మూతకు సన్నని చిల్లులు పొడిచి వాడుకొనవచ్చును. అసలు ఖర్చు దినమునకు పావుగంట కాలము. అదియు ఇంటిలో ఒక్కరిమీదనే పడనక్కరలేదు. సూక్ష్మమైన చూపు పిల్లలది. ఆకు క్రింద గ్రుడ్లను పెద్దలకంటె ముందుగా వారే కనిపెట్టుదురు.

ఈ ఉపాయములన్నియు చేసినను పది కాయలలో ఒకటి రెండు పురుగుల పాలగును. దానికి విచారింపవలదు. సంతలో మచ్చలేని కాయ కొరకు మనము వెల ఇచ్చెదము. ఆ మచ్చలేనితనము వెనుక ఎన్నిమారులు మందు చల్లిరో మనకు తెలియదు. పెరటిలో పుచ్చుభాగము కోసి పారవేసి మిగిలినది నిర్భయముగా వండుకొనగలుగుట ఒక భాగ్యము. మన ఖమ్మము ప్రాంతమున పునుకుల గ్రామమువారు 2000 తరువాతి సంవత్సరములలో ఊరి పొలములన్నింటిలోను పురుగుమందు లేకుండ సేద్యము చేసి చూపిరి. ఊరంతయు చేయగలిగినదానిని ఒక పెరటిలో మనము చేయలేమా?

రేపు ఉదయము కాఫీ గ్లాసు చేతపట్టుకొనియైనను ఒక్కమారు పెరటిలోనికి నడువుడు. ఒక బెండ ఆకును తిరగవేసి చూడుడు. అక్కడ ఏమున్నదో తెలిసికొన్న తరువాతనే దానికేమి చేయవలెనో ఆలోచింపుడు. పెరటి వైద్యములో మొదటి మోతాదు అదియే. దానికి కాసు ఖర్చు లేదు.